వీరాయమ్మ దిమ్మ

అనగనగా అన్నాను, వినపడిందా? మరి ఊఁ కొట్టండి. ఊఁ కొట్టేవాళ్ళు లేకపోతే నాకు కథ కదలదు. మా ముత్తవ్వకు ముత్తవ్వ ఇంకా పుట్టని రోజులవి. ఒక కాలవ ఉండేది. కాలవకొక గట్టు ఉండేది. గట్టు మీద మూడు క్రోసుల బాట ఉండేది.

ఈ కొసన పెసలపాడు, ఆ కొసన రేలపాలెం. పాడి అంతా పెసలపాడులో, సంత రేలపాలెంలో. వారం వారం పెసలపాడు ఆడాళ్ళు పెరుగో, నెయ్యో, కట్టెలో నెత్తిన పెట్టుకుని గట్టెక్కేవాళ్ళు. మధ్యలో ఏముంది? నీళ్ళున్నాయి, ఎండ ఉంది, తుమ్మముళ్ళున్నాయి. ఒకే ఒక్క గుడిసె ఉంది. ఆ గుడిసెలో వీరాయమ్మ ఉంది.

వీరాయమ్మ మొగుడు పడవలు లాగేవాడు. అప్పట్లో పడవలు వాటంతట అవి పోయేవా ఏమిటి? పడవకు పొడుగాటి తాడు కట్టి, ఆ తాడు రొమ్ముకు అడ్డంగా వేసుకుని, మనుషులే గట్టు మీద నడుస్తూ లాగేవాళ్ళు. అలా లాగీ లాగీ ఆయన పోయాడు. పిల్లలా, లేరు. ఇక వీరాయమ్మ మనిషి పొట్టిది. పొట్టి అంటే అలా ఇలా కాదు, పక్కన నిలబడితే మామూలు ఆడమనిషి భుజం దాకా వచ్చేది. కొలతల్లో చిన్నది గిద్దె కదా, అందుకని గిద్దె వీరాయమ్మ అనేవాళ్ళు అందరూ. ఆమె కూడా నవ్వేసేది. నవ్వకేం చేస్తుంది!

మీరెప్పుడైనా నెత్తిన బరువు మోశారా? మోయలేదు, మీ మెడలు చూస్తేనే తెలుస్తోంది. నడవడం ఒక ఎత్తు, దింపుకోవడం ఒక ఎత్తు. నిండు కుండల తట్ట ఒక్కరే దింపుకుంటే కుండ దొర్లుతుంది. దొర్లకుండా ఎలాగో దింపినా, మళ్ళీ నెత్తికెత్తడానికి ఇంకో మనిషి చెయ్యి వెయ్యాలి. ఆ మనిషే గట్టు మీద దొరకదు. అందుకని మెడ విరుగుతున్నా, కళ్ళు తిరుగుతున్నా మూడు క్రోసులూ ఆగకుండా నడిచేవాళ్ళు.

అలా నడిచేవాళ్ళలో సూరాలు ఒకతె. పెరుగు అమ్ముకునే పిల్ల. మొగుడు మంచాన పడ్డాడు, ఈమె నడిస్తేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. పాపం, రెండుసార్లు కడుపు నిలిచింది. రెండుసార్లూ ఈ గట్టు మీదే, నెత్తిన తట్ట ఉండగానే నొప్పొచ్చింది. రెండుసార్లూ బిడ్డ దక్కలేదు. ఇప్పుడు మూడోసారి. అయిదో నెల.

ఒక సంతరోజు సూరాలు గుడిసె ముందుకొచ్చి నిలబడిపోయింది. ముఖమంతా చెమటలు.

"పిన్నమ్మా, కాస్త చెయ్యి వెయ్యవే. ఇంక నా వల్ల కాదు."

వీరాయమ్మ పరిగెత్తుకొచ్చింది. చేతులు చాచింది, అందలేదు. మునివేళ్ళ మీద లేచింది, అందలేదు. గంప బోర్లించి దానిమీదకెక్కింది. గంప విరిగింది, వీరాయమ్మ పడింది, తట్ట ఒరిగి కుండెడు పెరుగు నేలపాలైంది.

సూరాలు ఏడ్చింది. "నిన్ను పిలవడం నాదే బుద్ధితక్కువ," అనేసింది. అని ఆ వెంటనే నాలిక్కరుచుకుంది. కానీ మాట వెనక్కి రాదు కదా.

వీరాయమ్మ ఆ రోజు నవ్వలేదు. చీర దులుపుకుని లేచింది.

"ఒసే సూరాలూ, నీకు నెలలు నిండేలోపు ఈ గట్టు మీద నువ్వు బరువు దింపుకునేందుకు ఒక దిమ్మ లేపుతాను. ఈ బిడ్డ పోడానికి వీల్లేదు. వినపడిందా?"

మొదటిసారి మట్టితో లేపింది. తట్టలు తట్టలుగా బంకమట్టి మోసి, తన నడుమెత్తు కట్టి, అలికి, ముగ్గు కూడా పెట్టింది. సూరాలొచ్చింది. దింపాలంటే వంగాలి. ఆ కడుపుతో వంగుతుందా? వంగలేక అలాగే వెళ్ళిపోయింది. రెండు వానలు పడ్డాయి, దిమ్మ కాస్తా కాలవలో కలిసిపోయింది.

రెండోసారి తాటిదుంగలు పాతింది. దింపుకున్నాక ఇంత ముఖం కడుక్కుంటారని నీళ్ళవైపు, గట్టు అంచునే పాతింది. తెల్లారి బైరాగి సరంగు పడవ వచ్చింది. సరంగంటే పడవకు పెద్ద. ఇంకేముంది! పడవ నీళ్ళలో, లాగేవాళ్ళు గట్టు మీద, మధ్యలో తాడు. తాడు పోయి దుంగలకు తగులుకుంది. లాగేవాళ్ళు వెల్లకిలా పడ్డారు, పడవ అడ్డం తిరిగింది, సరంగుకు కోపం నెత్తికెక్కింది.

"ఎవరు పాతారిది?"

"నేనే నాయనా."

"నువ్వా! తాడు లాగినవాడి పెళ్ళానివి! తాడు తిరిగే చోట దుంగ పాతకూడదని నీకు కూడా ఒకళ్ళు చెప్పాలా?"

నిజమే కదా, ఇంకెవరు పాతినా సరే, తను పాతకూడదు. దుంగలు పీకి కాలవలో పడేశారు. పడేస్తుంటే తల వంచుకుని చూస్తూ నిలబడింది.

ఏడో నెల వచ్చేసింది. నీళ్ళకు కరగనిది కావాలి, తాడుకు తగలనిది కావాలి. చేలవైపు కట్టాలి, రాళ్ళతో కట్టాలి. బానే ఉంది, మా లంకభూముల్లో రాయెక్కడిదండీ? మన్ను తవ్వితే మన్నే వస్తుంది. రాయంటే ఎగువ నుంచి పడవల్లో రావాల్సిందే. ఆ పడవలు ఎవరివి? బైరాగి సరంగువి.

సిగ్గు చంపుకుని గట్టు మీద నిలబడింది. పడవ వచ్చింది.

"సరంగు గారూ, పడవకొక్క రాయి ఇప్పించండి. ఊరికే వద్దు. రాయికి క్రోసు దూరం తాడు నేను లాగుతాను."

తాడు లాగే కళాసీలు పకపకా నవ్వారు. సరంగు నవ్వలేదు. "లాగగలవా?" అన్నాడు.

"లాగి చూపిస్తాను, ఉండండి."

తాడు రొమ్ముకు వేసుకుంది. ముందుకు వంగింది. హైలెస్సా అంది. కదల్లేదు. హైలెస్సా అంది. కదల్లేదు. మూడోసారి హైలెస్సా అనేటప్పటికి వెనకున్న కళాసీలు నవ్వడం మానేసి తామూ అందుకున్నారు. పడవ కదిలింది. క్రోసు దూరం లాగి, రాయి భుజాన పెట్టుకుని వెనక్కొచ్చింది. రోజుకొక పడవ, పడవకొక రాయి. రొమ్ము మీద తాడు కోసిన చోట పసుపు అద్దుకుని, మర్నాడు మళ్ళీ నిలబడేది. కొన్నాళ్ళకు కళాసీలే "ఇది కూడా తీసుకోవే అత్తా," అంటూ ఇంకో రాయి గట్టు మీదకు దొర్లించడం మొదలుపెట్టారు.

రాళ్ళైతే చేరాయి. ఎంత ఎత్తు కట్టాలి? నడుమెత్తు పనికిరాలేదాయె. మరీ ఎత్తు కడితే ఎవరికి అందుతుంది? వీరాయమ్మ రాళ్ళ పక్కన నిలబడి ఆలోచిస్తోంది. ఇంతలో సూరాలొచ్చింది. ఎనిమిదో నెల, కాళ్ళు వాచాయి. తూలిపోతోంది.

"కదలకు పిన్నమ్మా! అలాగే ఉండు!" అంటూనే మెడ వంచి తట్టను జరిపింది. తట్ట సూరాలు నెత్తి మీంచి జారి, నేరుగా వీరాయమ్మ నెత్తి మీద కూర్చుంది. చుక్క పెరుగు తొణకలేదు. కాసేపాగి, సూరాలు కాస్త వంగి నెత్తి ఆనించి, తట్టను మళ్ళీ తన మీదకు లాక్కుంది. అంతే! ఇద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు.

"ఒసే సూరాలూ! ఇంతేనే ఎత్తు! నేనెంతో దిమ్మా అంతే!"

ఎగిరి గంతేసిందనుకోండి. వరస పేర్చడం, పక్కన నిలబడి చూసుకోవడం. వరస పేర్చడం, నిలబడి చూసుకోవడం. తన నడినెత్తికి సమంగా వచ్చాక, కళాసీలు తెచ్చిచ్చిన బల్లపరుపు రాయి పైన పరిచి, సందుల్లో బంకమట్టి కూరింది. అది పరిచిన మూడోనాడు సంత.

సూరాలు వచ్చింది. తొమ్మిదో నెల నిండింది. తట్ట దిమ్మ మీదకు జరిపింది. హమ్మయ్య అంది. నీడన చతికిలబడింది. పడీ పడగానే నొప్పి. ఆ నొప్పి గట్టు మీద నడుస్తుండగా, నెత్తిన మూడు కుండలుండగా వచ్చి ఉంటే? అమ్మమ్మా, తలుచుకుంటేనే నా గుండె దడదడలాడుతుంది. వీరాయమ్మ తన చీర అడ్డం కట్టింది. నీళ్ళు కాచింది. వెనకాల వస్తున్న ఆడాళ్ళు తట్టలు దింపి చుట్టూ చేరారు. పొద్దు నడినెత్తికి రాకముందే గట్టంతా వినపడేలా బిడ్డ ఏడ్చింది.

కుండలు మూడూ దిమ్మ మీద చెక్కుచెదరకుండా ఉన్నాయి. "ఇవాళ అమ్మేది లేదు," అంది సూరాలు. ఆ పెరుగంతా వచ్చేపోయేవాళ్ళే తాగారు, పడవ ఆపి సరంగు కూడా ఒక దొప్పెడు తాగాడు. సూరాలు బిడ్డను వీరాయమ్మ ఒళ్ళో పెట్టి, ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"బుద్ధిలేక ఆనాడొక మాట అన్నాను పిన్నమ్మా. నీ వల్లే నేను తల్లినయ్యాను."

"పోవే పిచ్చిదానా," అంది వీరాయమ్మ. అందే గానీ, ఆ చేతులు వదల్లేదు.

ఆ తర్వాత ఆ బాట బాటే మారిపోయింది. తట్ట దింపుకున్నవాళ్ళు కాస్త కూర్చునేవాళ్ళు. కూర్చుంటే లకుముకిపిట్ట కనపడింది, నీళ్ళ మీద గాలి తగిలింది, కష్టసుఖాలు చెప్పుకోవడానికి మనిషి దొరికింది. వీరాయమ్మ రోజూ ముళ్ళు ఏరేసి బాట ఊడ్చేది, ఎవరు పిలిచినా పరిగెత్తుకెళ్ళి చెయ్యి వేసేది. ఏ పనీ లేనివాళ్ళు కూడా చల్లటి పూట దిమ్మ దాకా ఊరికే నడిచొచ్చేవాళ్ళు. గట్టంటే భయపడ్డవాళ్ళే, చూడండి!

అయిదేళ్ళు గడిచాయి. ఒక పొద్దున బాట ఊడ్చి, దిమ్మకు వీపు ఆనించి కూర్చుని, అలాగే కన్నుమూసింది వీరాయమ్మ. రెండూళ్ళూ కదిలొచ్చాయి. నా అన్నవాళ్ళు లేని మనిషిని నేను మొయ్యను అన్నవాడు లేడు. పాడె ముందు కొమ్ము సరంగే పట్టాడు.

మనలో ఒక ఆచారం ఉంది కదా, దింపుడు కళ్ళం. దారిలో పాడెను ఒకచోట దింపి, పోయినవాళ్ళ చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తాం, ప్రాణం తిరిగొస్తుందేమోనన్న ఆశతో. ఆమెను దిమ్మ దగ్గరే దింపారు. పిలవడానికి సొంతవాళ్ళెవరు? సూరాలే వంగింది.

"వీరాయమ్మా!" అంది. గాలి తప్ప చప్పుడు లేదు.

"వీరాయమ్మా!" అంది. ఆడాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

మూడోసారి చెవిలో పిలవలేకపోయింది. దుఃఖం ఆగక గట్టు దద్దరిల్లేలా అరిచింది. "వీరాయమ్మా!"

"ఓయ్! వస్తన్నా!"

అందరికీ ఒళ్ళు జలదరించింది. దిమ్మ వెనక నుంచి అయిదేళ్ళ పిల్ల పరిగెత్తుకొచ్చింది. సూరాలు కూతురు. దానికీ వీరాయమ్మ పేరే పెట్టుకుంది సూరాలు. అచ్చం పెద్ద వీరాయమ్మలాగే రెండు చేతులూ పైకి చాచి, "ఎవరికి చెయ్యి వెయ్యాలీ?" అంది.

ఏడుస్తున్నవాళ్ళు నవ్వారు, నవ్వుతూనే మళ్ళీ ఏడ్చారు. సరంగు కళ్ళు తుడుచుకుని, "ఇటు రామ్మా, ఈవిడకు వెయ్యి," అన్నాడు. చిన్న వీరాయమ్మ పాడెకు చెయ్యి వేసింది. అప్పుడెత్తారు.

ఇప్పుడా గట్టు మీద, తర్వాతివాళ్ళు లేపినవి కలుపుకుని, క్రోసుకొకటి చొప్పున మూడు దిమ్మలున్నాయి. పడవలు పోయాయి, సైకిళ్ళొచ్చాయి, బళ్ళొచ్చాయి. అయినా ఆ బాటన ఎవరికి బరువైనా, గడ్డిమోపు జారినా, బండి దిగబడినా, కాలు నొప్పెట్టినా, ఒకటే కేక వేస్తారు. "వీరాయమ్మా!" విన్నవాళ్ళు ఆడో మగో, పెద్దో చిన్నో, ఏ ఊరివాళ్ళైనా సరే, "ఓయ్" అని పలికి వచ్చి చెయ్యి వెయ్యాలి. వేస్తారు కూడా. ఒక కేకకు రాకపోతే రెండో కేకకు వస్తారు. మూడోసారి పిలవాల్సిన అవసరం ఆ గట్టు మీద ఇంతవరకూ ఎవరికీ రాలేదు.