లేహ్యం తిన్నదెవరు?

పెన్నగిరి రాజు నరసింగ భూపతికి ఒకనాడు నిండు కొలువులో కోపం వచ్చింది. ఎవరిమీదో కాదు, నడికట్టు మీద.

అది తాతలనాటి వెండి నడికట్టు. ఏటా పట్టాభిషేకం జరిగిన తిథినాడు రాజు దాన్ని కట్టుకుని గుర్రమెక్కి ఊరేగాలి. పోయినేడు ఇద్దరు సేవకులు చెరోవైపు పట్టి లాగితే, రాజు ఊపిరి బిగబడితే, ఎలాగో కొక్కెం పడింది. ఈసారి ముందుగా కట్టి చూసుకుంటే జానెడు ఎడం మిగిలిపోయింది. ఊరేగింపు ఇంక నలభై రోజులే ఉంది.

దీనికి ఉపాయం చెప్పమన్నాడు రాజు.

రాజవైద్యుడు గరళకంఠశాస్త్రి శాలువా సర్దుకుంటూ లేచాడు. తన లేహ్యం మూడు పూటలా పుచ్చుకుంటే ఎంతటి పొట్టయినా కరిగి తీరుతుందన్నాడు. అంతటితో ఊరుకోకుండా, అసలు తప్పంతా వంటశాలదేనని ఓ మాట విసిరాడు.

వంటశాల పెత్తనం తిరుపాలమ్మది. రాజుకి ఊహ తెలియకముందు నుంచీ అన్నం కలిపి పెట్టిన మనిషి. ఆ మాటకి ఆమె మనసు చివుక్కుమంది. అందులో సగం నిజమే మరి, అడిగిందల్లా వండి పెట్టింది తనే. అయితే ఆ పొట్ట తగ్గించే పని కూడా వంటదేనని, నలభై రోజులు తనకి వదిలెయ్యమని కోరింది.

“ఇద్దరూ ఎవరి పని వాళ్ళు చెయ్యండి. నా విస్తట్లో ఇరవై ఒక్క వంటకాల్లో ఒక్కటి తగ్గినా ఊరుకోను. ఎవరివల్ల ఈ నడికట్టు పడితే వాళ్ళకి బంగారు కంకణం. రెండోవాళ్ళు కోట విడిచి పోవాలి” అన్నాడు రాజు.

తిరుపాలమ్మ వంటశాలకి వచ్చి పీట మీద కూలబడింది. నడికట్టు పడితే లేహ్యం గొప్పంటారు. పడకపోతే వంట చెడ్డదంటారు. ఎటు చూసినా మూట కట్టాల్సింది తనే. ఈ వయసులో ఈ పొయ్యి వదిలి ఎక్కడికి పోవాలో తెలియక ఆమెకి నిజంగానే భయం వేసింది.

అంతలో శాస్త్రి ఇంటినుంచి లేహ్యం జాడీ వచ్చింది. పూటకి పెద్ద నిమ్మకాయంత పెట్టాలట. తిరుపాలమ్మ వేలికొసతో నాలిక్కి రాసుకుంది. బెల్లం, నెయ్యి, ఖర్జూరం, జీడిపప్పు. పేరుకి మందు, తింటే మిఠాయి. ఆ సంగతి శాస్త్రికే తెలియదు. నూరేది పనివాళ్ళు. మందు రోగి తినాలిగాని వైద్యుడు కాదని ఆయన గొప్పగా చెప్పుకునేవాడు.

తిరుపాలమ్మ కొంగు బిగించింది.

ఇరవై ఒక్క వంటకాల్లో ఒక్కటీ తగ్గించలేదు. వరి అన్నం చోట కొర్రన్నం వచ్చింది. నూనెలో వేగే గారెల చోట ఆవిరి మీద ఉడికిన కుడుములొచ్చాయి. సొరకాయ పులుసు, మెంతికూర పప్పు, ఉలవ గుగ్గిళ్ళు, వెన్న తీసిన మజ్జిగ. నెయ్యి గరిటె దాచేసి చెంచా తీసింది. రెండు రోజులు రాజు సణిగాడు. మూడోరోజు బీరతొక్కు పచ్చడి మారు వడ్డించమన్నాడు. పదోరోజుకి మధ్యాహ్నం కునుకు మానేసి తోటలో తిరగడం మొదలెట్టాడు.

ఇక లేహ్యం సంగతి. రాజు భోంచేసి లేచాకే రాజవైద్యుడు విస్తరి ముందు కూర్చోవాలన్నది ఆ కోట ఆచారం. రోజూ శాస్త్రి కూర్చోగానే, నేతిలో వేయించిన జీడిపప్పు అద్దిన నల్లటి హల్వా ఒకటి ఆయన విస్తట్లో పడేది. ఆయన లొట్టలేసుకుంటూ తిని, ఇంకాస్త వెయ్యమనేవాడు. తిరుపాలమ్మ ఏనాడూ కాదనలేదు.

నలభయ్యో రోజున కొలువులో రాజు నడికట్టు కట్టుకున్నాడు. కొక్కెం ఇట్టే పడింది. పైగా వేలు దూరేంత వదులు.

శాస్త్రి ఆయాసపడుతూ ముందుకొచ్చాడు. తన లేహ్యం మహిమ సభంతా చూసిందని, ఇక వంటమనిషిని సాగనంపమని కోరాడు. రాజు తిరుపాలమ్మ వైపు తిరిగి ఏమంటావని అడిగాడు.

“లేహ్యం మహిమ చూడాలంటే, తిన్నవారికి కదా ప్రభూ ఆ నడికట్టు కట్టి చూడాలి?”

“తిన్నది నేనే కదా.”

“మీరు తిన్నది తేనె కలిపిన ఉసిరి తొక్కు. లేహ్యం నలభై రోజులూ శాస్త్రిగారే ఆరగించారు.”

రాజు కళ్ళు ఎర్రబడ్డాయి. నా మందునే మారుస్తావా అని గద్దించాడు.

తిరుపాలమ్మ చేతులు జోడించింది.

“మార్చాను ప్రభూ, తప్పే. శిక్ష వేసేముందు ఒక్కసారి మీ నడుం చూసుకోండి.”

రాజు చూసుకున్నాడు.

ఇదంతా కట్టుకథ అన్నాడు శాస్త్రి. తను లేహ్యం నాలిక మీద పెట్టిన పాపాన పోలేదని ఒట్టేశాడు. అయితే ఇప్పుడు పెట్టుకోమన్నాడు రాజు. శాస్త్రి ఇంటినుంచి అప్పటికప్పుడు జాడీ తెప్పించారు. దాని మూతికట్టు ఇంకా విప్పనే లేదు. శాస్త్రి కాస్త తీసి నోట్లో వేసుకున్నాడు. చప్పరించాడు. మళ్ళీ చప్పరించాడు.

“ఇది మధ్యాహ్నం హల్వా కదూ?” అన్నాడు నోరు జారి.

రాజు నడికట్టు విప్పి సేవకులకి అందించాడు. ఇద్దరూ చెరోవైపు పట్టి శాస్త్రి నడుముకి చుట్టారు. ఎంత లాగినా రెండు కొసలు మూరెడు దూరంలో ఆగిపోయాయి.

ముందుగా నవ్వింది రాజే. ఆ తర్వాత కొలువంతా ఎవరూ ఆపలేనట్టు నవ్వింది. నవ్వుతూనే రాజు తన చేతి కంకణం తీసి తిరుపాలమ్మ చేతికి తొడిగి, శిక్ష మాట మరిచిపొమ్మన్నాడు. శాస్త్రిని కోటనుంచి పంపెయ్యమంటారా అని మంత్రి అడిగాడు.

“ఇప్పుడే వద్దు. ఈ పొట్టతో ఆయన కోట మెట్లు దిగలేడు. నలభై రోజులు తిరుపాలమ్మ చేతి కొర్రన్నం తినిపించి పంపుదాం” అన్నాడు రాజు.