పదకొండు ట్యాబుల మౌలాలి

దర్గాకు వచ్చే ఉత్తరాలు మెయిళ్లుగా మారాక, వాటికి జవాబులు రాసే పని మౌలాలి మీద పడింది. దర్గా పెద్ద నూరుల్లా తాత శిష్యుల్లో కంప్యూటరు తాకినవాడు అతనొక్కడే. తాకడమంటే, మొదటి నెలంతా దాని మీద దుమ్ము తుడిచాడు.

తర్వాత మౌసు చెడిపోయింది. కొత్తది వచ్చేలోగా తంటాలు పడుతుంటే, కంట్రోలు మీట పట్టుకుని ట్యాబు మీట నొక్కితే తెర మీద తెరిచిన ఒక ట్యాబు నుంచి పక్క ట్యాబుకు దూకవచ్చని తెలిసింది. షిఫ్టు కూడా కలిపితే వెనక్కి. ఇక కొత్త మౌసు వచ్చినా డబ్బా విప్పలేదు. లోకంలో ఎవరికీ తెలియని విద్య తనకే దొరికిందనుకున్నాడు పాపం.

రోజూ విడతకు పదకొండేసి ఉత్తరాలు పదకొండు ట్యాబుల్లో తెరిచేవాడు. ఒకదానిలో రెండు ముక్కలు చదివి, ఇంకోదానిలో ఒక వాక్యం రాసి, మూడోదానిలో సలాం చెప్పి... వేళ్లు అలా ఆడుతుంటే చూసుకుని తనకే ముచ్చటేసేది.

"తాతా, ఒక్క పూటలో నలభై జవాబులు!" అని ఒకనాడు ఉండబట్టలేక చెప్పాడు.

"మంచిదప్పా," అన్నాడు తాత.

ఆ వారమే ఆదోని నుంచి మాబమ్మ అనే ఆమె వచ్చింది. తనకు వచ్చిన జవాబు ఫోనులో చూపించింది: "చాలా సంతోషం. శుక్రవారం మేళతాళాలతో ఊరేగింపుగా తీసుకురండి."

"నేను అడిగింది మా పాప గురించి తాతా. మీరు చెప్పినారంటే ఏదో ఉంటాదిలే అని మేళమోళ్లను పిలవబోతి. పాప తలుపేసుకునింది. నిన్నట్నుంచి తీయలే. మేళం లేకుండా తెస్తే తప్పా?"

మౌలాలి ముఖం మాడిపోయింది.

"అది సమాధి మీద కప్పను చాదర్ తెస్తామన్నవాళ్లకు రాసింది తాతా. ఒక్క ట్యాబు అటూ ఇటూ అయింది. నలభైలో ఒకటే గదా..."

"ఎట్లయిందో చెప్పు," అన్నాడు తాత.

"పొద్దున నేను మెయిలు తెరిస్తే..."

"ఏం ఓబులేసూ, మేక ఈనిందా?" తాత పక్కన కూర్చున్నాయన వైపు తిరిగాడు.

"రెండు పిల్లలు స్వామీ."

"ఆ, చెప్పు మౌలాలీ."

"ఈమె ఉత్తరం మూడో ట్యాబులో..."

తాత అటు తిరిగి, పంపు బాగుచేస్తున్న మనిషిని నీళ్లు వస్తున్నాయా అని అడిగాడు. మళ్లీ ఇటు తిరిగాడు. "ఆ, మూడోది."

"మూడోది ఈమెది... చాదర్ వాళ్లది నాలుగు..."

తాత అప్పటికే ఓబులేసుతో మేకపిల్లల రంగు గురించి మాట్లాడుతున్నాడు.

మౌలాలికి ఏడుపొచ్చినంత పనైంది. ఈ వయసులో ఏడిస్తే బాగుండదని మింగేశాడు.

"తాతా, నా మాట వింటున్నారా?"

"వింటున్నా గదప్పా. ముగ్గురిదీ వింటున్నా."



తాత మాబమ్మ వైపు తిరిగాడు. "ఏమడిగినావు తల్లీ?"

"అంతా ఉత్తరంలో ఉంది తాతా. నోటితో చెప్పలేకనే రాసినా."

తాత మౌలాలిని చూశాడు. "చదువుకొని రాపో. మేం కూర్చుంటాం."

లోపలికి పోయి మౌలాలి పది ట్యాబులు మూసేశాడు. మిగిలినదాన్ని మొదటి నుంచి చదివాడు. అంతకుముందు ఏ ఉత్తరంలోనూ అతను చివరి వాక్యం దాకా రాలేదు.

"వాళ్ల నాయన పోయినప్పట్నుంచి చిన్న చప్పుడుకే వణికిపోతోంది. ఏ వేళ జనం ఉండరో చెబితే అప్పుడు తీసుకొస్తాను."

బయటికి వచ్చి మౌలాలి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"అమ్మా, తెల్లవారి నమాజు అయినాక ఎనిమిది దాకా ఇక్కడ ఎవరూ ఉండరు," అన్నాడు గొంతు తగ్గించి. "పాప పేరేంది?"