దశమినాడు ఎక్కించిన మందు

తునిలో టెంటుహౌసు నడుపుకునే గోవర్ధనరావు పంచాంగం చూడనిదే గడప దాటేవాడు కాదు. అతని బతుకంతా ముహూర్తాల మీదే నడిచేది. పెళ్ళిళ్ళుంటే షామియానాలు లేచేవి, మూఢం వస్తే గోడౌన్లో మూలిగేవి. అంతవరకూ బాగానే ఉంది. కానీ పంటినొప్పికి మాత్ర వేసుకోవాలన్నా అతను తిథి చూసేవాడు.

"తుమ్ము వచ్చినా వర్జ్యం దాటేదాకా ఆపుకునేట్టున్నారు!" అని భార్య సుభాషిణి ఆటపట్టించేది.

ఒక ఏడాది సుభాషిణికి దగ్గు పట్టుకుని వదల్లేదు. విశాఖపట్నంలో పరీక్షలు చేస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలింది.

అక్కడి క్యాన్సర్ డాక్టర్ నళిని ఇద్దరినీ కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది.

"గడ్డలోంచి తీసిన ముక్కను జన్యుపరీక్షకు పంపించాం. ఈ క్యాన్సర్ ఏ మార్పు వల్ల పెరుగుతోందో అది చెబుతుంది. కొందరికి రోజూ వేసుకునే మాత్రతోనే అణుగుతుంది. అలాంటివాళ్ళకు ముందే ఒంట్లోని రోగనిరోధక శక్తిని ఉసిగొలిపే ఇమ్యూనోథెరపీ మందు ఎక్కిస్తే, తర్వాత మాత్ర ఇచ్చినప్పుడు ఊపిరితిత్తులు దెబ్బతినవచ్చు. ఆవిడ ప్రస్తుతం నిలకడగానే ఉన్నారు. ఫలితం వచ్చేదాకా ఆగుదాం."

"ఆగితే మూఢం వచ్చేస్తుందండీ! ఈ శుక్రవారం దశమి, దివ్యంగా ఉంది. ఆ ఎక్కించే మందే అప్పుడు మొదలెట్టేయండి," అన్నాడు గోవర్ధనరావు.

"నాకేమన్నా మళ్ళీ పెళ్ళి చేస్తున్నారా? మందుకి మూఢమేంటండీ?" అంది సుభాషిణి.

అతను వినలేదు. భార్యంటే అతనికి ప్రాణం. ఆవిడకేమవుతుందోనన్న భయంలో డాక్టరు మాట తలకెక్కలేదు. సుభాషిణిని వెంటబెట్టుకుని మరో ఆసుపత్రికి వెళ్ళాడు. ఆవిడ బయట బెంచీ మీద దగ్గుతూ కూర్చుని ఉండగా, లోపల డాక్టరు అడిగాడు.

"జన్యుపరీక్ష చేయించారా?"

"చేయించామండీ. మార్పేమీ లేదన్నారు," అని తడుముకోకుండా అబద్ధమాడాడు గోవర్ధనరావు. అది నమ్మి ఆ డాక్టరు ఇమ్యూనోథెరపీ రాశాడు. దశమినాడు గేటు దగ్గర కొబ్బరికాయ కొట్టి మరీ ఆవిడకు ఆ మందు ఎక్కింపజేశాడు.

తర్వాత కొన్నాళ్ళకు నళిని ఫోన్ చేసింది. "ఫలితం వచ్చింది. ఆ మాత్ర ఆవిడకు సరిగ్గా సరిపోతుంది. రేపే రండి!"

మర్నాడు గోవర్ధనరావు ఆసుపత్రికి వెళ్ళి జరిగింది చెప్పాడు. నళిని ఆవిడ కాగితాలు తిరగేసి చూసింది.

"ఎక్కించిన మందు ప్రభావం ఒంట్లో నెలల తరబడి ఉంటుంది. ఇప్పటికిప్పుడు మాత్ర ఇవ్వడం ప్రమాదం. ఈలోపు వేరే మందులతో నెట్టుకురావాలి," అంది.

ఆ నెలలు గడవడం నరకమైంది. వేరే మందులకు సుభాషిణి జుట్టంతా రాలిపోయింది, గడ్డ మాత్రం లొంగలేదు. నీళ్ళు పోసుకుని వచ్చినా ఆయాసమే. ఎట్టకేలకు మాత్ర మొదలుపెట్టాక గడ్డ కరగసాగింది. దగ్గు తగ్గింది. కానీ ఆ నెలల్లో గడ్డ పాడుచేసిన ఊపిరితిత్తి మునుపటిలా కాలేదు. ఆమె రెండు మాటలు ఆడి ఊపిరి తీసుకోవలసి వచ్చేది.

ఒక సాయంత్రం గోవర్ధనరావు ఆమె పాదాల దగ్గర కూర్చుని ఏడ్చాడు. "నీకు మంచి జరగాలనే సుభాషిణీ, మంచిరోజు చూశాను."

సుభాషిణి అతని తల నిమిరింది. కానీ కోపం దాచుకోలేదు.

"రోజు చూశారు," అని ఆగి ఊపిరి తీసుకుంది. "నా జబ్బేమిటో చూడనివ్వలేదు."

నీతి: జబ్బు గుట్టు చెప్పే పరీక్షను మొదట్లోనే చేయించాలి, ఆగగలిగినంతవరకు దాని ఫలితం కోసం ఆగాలి. ఏ మందు పనికొస్తుందో తెలిసిన రోజే వైద్యానికి మంచిరోజు.