రెండో పీట మీద ఎవరు?

సముద్రంలో గాలం వేసే సరదా పుట్టిన ఓ రాజుగారు, ఇద్దరు కూచుని కాళ్ళతో తొక్కే పడవ ఒకటి ఎంచమని దివానుకు చెప్పాడు. దివాను తన బావమరిది చేసిన నెమలి పడవ తెచ్చి, పూటంతా పొగిడాడు. పైన బంగారుపూత, అడుగున పగుళ్ళకు మైనం. రాజుగారి పక్కన తొక్కడానికి జాలరి నూకాలు మొగుణ్ణి పిలిపించారు.

పడవ బాగాలేదంటే దివాను కొరడా, ఎక్కితే మొగుడు చేపలపాలు. మొగుడి వెంట వచ్చిన నూకాలు అడుగున మైనం చూసి, రాజుగారికి దణ్ణం పెట్టింది.

"ఇంత సొగసైన పడవ మేమెరగం బాబయ్యా! కానైతే మా పేటలో ఓ ఆచారముంది. కొత్త పడవ తొలివేటకి, దాన్ని ఎంచినోరే రెండో పీట మీద కూకోవాల. లేపోతే గంగమ్మ తల్లి ఊరుకోదు."

"భేష్! దివాన్జీ, ఎక్కు!" అన్నాడు రాజు.

దివాను మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. "ప్రభూ, నాకు... ఈత రాదు!"

"నాకొచ్చని నీకెవడు చెప్పాడయ్యా?"

దివాను ఏమయ్యాడో మనకెందుకు గానీ, ఆ నెమలి పడవలో ఇప్పుడు నూకాలు కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి.