దాపట కట్టాల్సిన ఎద్దు

ఆశ్రమంలో చెంచమాంబగారికి ఒక అలవాటుండేది. ఎవరేమడిగినా వెంటనే బదులు చెప్పేవారు కాదు. చేతిలో పని ఉంటే అది అయ్యేదాకా అడిగినవాళ్లను పక్కన కూర్చోబెట్టేవారు.

ఆమె శిష్యుల్లో గోవర్ధనాచారి అని ఒక బడిపంతులు ఉన్నాడు. ఒకనాడు ఆమె బియ్యం ఏరుతుంటే వచ్చి అడిగాడు.

"అమ్మా, మా తరగతిలో పైడమ్మ అని ఒక పిల్ల ఉంది. లెక్క నేను చెప్పడం పూర్తికాకముందే జవాబు చెప్పేస్తుంది. పలక మీద రాయమంటే మాత్రం ఒక్క గీత గీయదు. వరుసలో కుదురుగా కూర్చోదు. రెండేళ్లుగా అదే తరగతిలో ఉంచాను, బెత్తమూ వాడాను. పేరు కొట్టేస్తే వాళ్ల నాన్న ఇటికల బట్టీకి తీసుకుపోతాడు. కొట్టేయనా, ఉంచనా?"

బియ్యం ఏరడం అయ్యాక ఆమె, "రేపు పొద్దున్నే సంతకు రా," అన్నారు.

సంతలో గౌరునాయుడనే రైతు ఒక తెల్లెద్దును కబేళాకు తోలే బేరగాడికి అమ్ముతున్నాడు. ఎద్దు నిండుగా ఉంది. వీపంతా కర్ర చారలే.

"దీనికేం రోగం నాయనా?" అని అడిగారు చెంచమాంబగారు.

"రోగమేటమ్మా, ఒళ్లు బలుపు! కొన్నప్పుడు గాలిలా లాగీది. మా ఇంటికొచ్చాక కాడి పెడితే సాలు, అడ్డం తిరిగిపోతాది."

"అమ్మినవాడు ఏ పక్క కట్టేవాడు?"

"దాపట. నాకు దాపటెద్దు ఉంది గదా, అందుకే ఎలపట కట్టాను. ఎద్దుకి పక్కేటమ్మా, పెళ్లిపీటలా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆమె పశువులున్న ఇంట్లో పుట్టిన మనిషి, నవ్వలేదు. కాడికి ఎడమన, దాపట నడిచి నేర్చుకున్న ఎద్దును కుడిపక్కకు, ఎలపటకు మారిస్తే దానికి తోడూ, మలుపూ, బరువూ అన్నీ తారుమారవుతాయి.

"ఒక్కసారి దాపట కట్టి చూడు," అన్నారు. ఆమె మాట తీసెయ్యలేక, అక్కడున్న బస్తాల బండికి ఆ ఎద్దును దాపట కట్టారు. గౌరునాయుడే పగ్గాలు పట్టాడు. ఎద్దు కాడిని ఒకసారి వాసన చూసి కదిలింది. బండి సంత దారిలో నీళ్ల మీద పోయినట్టు పోయింది. నవ్వినవాళ్లు పక్కకు తప్పుకుని దారిచ్చారు.

"అర్థమైందమ్మా! లోపం ఎద్దులో లేదు," అన్నాడు ఆచారి సంతోషంగా.

అంతలో తలపాగా జారుతుంటే సర్దుకోడానికి గౌరునాయుడు చెయ్యి పైకెత్తాడు. ఆ చేతి నీడ ఎద్దు ముందు పడింది. అంతే, ఎద్దు కాళ్లు మడిచి దారి మధ్యలో కూలబడింది. కళ్లు మూసుకుంది. తోక మెలిపెట్టినా లేవలేదు. పచ్చగడ్డి చూపించినా లేవలేదు. గౌరునాయుడే దిగొచ్చి దాని చెవి దగ్గర వంగి, "ఇంక కొట్టనురా, లేరా నాయనా," అని బతిమాలాడు. ఆ గొంతు విని అది ఇంకా ముడుచుకుపోయింది.

చివరికి బేరగాడు నలుగురు మనుషులను పెట్టి లేవదీయించి తోలుకుపోయాడు.

ఇద్దరూ తిరిగి బయల్దేరారు. ఆశ్రమం దగ్గరపడుతుండగా ఆచారి, "పైడమ్మ పేరు కొట్టనమ్మా. రేపట్నుంచి పలక కూడా అడగను, నోటితోనే చెప్పించుకుంటాను," అన్నాడు.

చెంచమాంబగారు నడక ఆపలేదు.

"మంచిది. రేపు నువ్వు బడిలో అడుగు పెట్టగానే, ఆ పిల్ల చేతులు ఎక్కడ దాచుకుంటుందో ముందు అది చూడు."