తాబేలమ్మ నూరు గుడ్లు

అనగనగా, నేల తక్కువా నీళ్లు ఎక్కువా ఉన్నచోట ఒక పగడాల దీవి ఉండేది పిల్లలూ. దాన్ని సుధర్ముడనే రాజు ఏలేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు.

ఒక ఏడు జాలాక్షుడనే మాంత్రికుడు సముద్రం మీద మాయవల పరిచాడు. చేపలు పోయాయి, తాబేళ్లు పోయాయి, చేపల మీద బతికే పక్షులూ పోయాయి. దీవిలో పొయ్యిలు ఆరిపోయాయి.

పెద్దకొడుకు కత్తి పట్టుకుని వెళ్లాడు. మాంత్రికుడు తాబేటి చిప్పలు తాపిన మంచం ఇచ్చాడు. పెద్దవాడు అక్కడే ఉండిపోయాడు. రెండోవాడు వెళ్లాడు. మాంత్రికుడు వాడికి ముత్యాల పళ్లెంలో విందు పెట్టాడు. వాడూ ఉండిపోయాడు.

మూడోవాడు కువలయుడు. వాడు ఒడ్డుకు వచ్చేసరికి ఒక ముసలి తాబేలు ఎదురుచూస్తోంది.

"నా జాతిలో నేనొక్కదాన్నే మిగిలాను. ఎక్కు నాయనా," అంది.

ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు. తెల్లవారుతుండగా ఒక ఇసుకతిన్నె మీద ఆగారు.

"ఆ మాంత్రికుడి ప్రాణం ఎక్కడుంది తల్లీ?"

"ఈ ఇసుక కింద నా గుడ్లు నూరున్నాయి. ఒకదాంట్లో దాచాడు. ఏదో నాకూ తెలీదు, కోసినా పైకి తెలీదు. రేపటికి పిల్లలై నీళ్లలోకి పోతాయి. ఆ తర్వాత వాణ్ణి ఎవరూ చంపలేరు."

కువలయుడు ఇసుక తవ్వి చూశాడు. "అన్నీ కొయ్యాలా?"

"వాడు బతికుంటే అవి వలలోనే కదా చచ్చేది! కొయ్యి నాయనా. నేను అటు తిరుగుతాను."

మొదటి గుడ్డు కోశాడు. లోపల వేలెడంత తాబేలు, కళ్లు మూసుకుని ఉంది. రెండోది కోశాడు. మూడోది కోశాడు. ప్రతిదానికీ దణ్ణం పెట్టి కోశాడు. నూరూ అయ్యేసరికి మిట్టమధ్యాహ్నమైంది.

ఆ పక్కనే ఉన్న మాంత్రికుడి కోటకు పరిగెత్తాడు. జాలాక్షుడు నేలమీద పడి ఉన్నాడు. పక్కన అన్నలిద్దరూ కూర్చుని ఉన్నారు.

"నువ్వా చంపింది? పొద్దు పొడుస్తూనే, నోట్లో ముద్ద నోట్లోనే ఉండగా కూలిపోయాడురా!" అన్నాడు పెద్దన్న.

పొద్దు పొడిచినప్పుడు కువలయుడు కోసింది ఒక్కటే గుడ్డు.

అన్నల్ని మాంత్రికుడి పడవలో ఇంటికి పంపి, మాయవల తెగ నరికి తీరానికి వచ్చాడు.

"ఏ గుడ్డులో ఉంది నాయనా?" అని అడిగింది తాబేలు.

"ఆఖరి దాంట్లో తల్లీ."

"అయితే అన్నీ కొయ్యక తప్పలేదన్నమాట," అని నిట్టూర్చి వీపు వంచింది. ఏడు సముద్రాలూ దాటించి వాణ్ణి ఇంటి ఒడ్డున దింపింది.

చేపలొచ్చాయి. పక్షులొచ్చాయి. పక్క దీవి రాకుమారి వనమాలినితో కువలయుడికి పెళ్లయింది. నలభై ఏళ్లు రాజ్యమేలాడు. జనం ఆయన మీద పాటలు కట్టారు. ఆయన మాత్రం ఆ పాటలు వినేవాడు కాడు.

తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం వస్తే చాలు, తీరమంతా కాపలా పెట్టి, ఇసుక మీద మనిషి అడుగు పడనిచ్చేవాడు కాడు. పొద్దున్నే తనే వెళ్లి చూసుకునేవాడు. నలభై ఏళ్లూ ఆ ఇసుక ఒక్క తాబేటి జాడా లేకుండా నున్నగానే ఉంది.