కొన్నవాడి చోటు

రెండువేల పంతొమ్మిది వేసవిలో, బియ్యం మిల్లుకు సామాను కొనే రామలింగం తన గురువు చిదంబరదాసుగారిని ఒక మాట అడిగాడు. "గురువుగారూ, బాయిలరుకు వాల్వు కావాలి. ఫోన్లో సరుకు చూపించే దళారీ కంపెనీ ఒకటుంది. అమ్మేవాణ్ణి మనం చూడం, మనల్ని వాడు చూడడు. సరుకు నాసిదైతే పాపం ఎవరిది?"

దాసుగారికి వాదన గిట్టదు. జరిగినది చెప్పి ఊరుకుంటారు. ఆ రోజు చీమకుర్తి అవతల ఒక గ్రానైటు క్వారీ సంగతి చెప్పారు.

ఆ క్వారీలో ఒక కట్టడి ఉంది. క్రేనుకు కొత్త గొలుసు వేసి మొదటి రాయి లేపేటప్పుడు, ఆ గొలుసు కొన్నవాడు రాయి మీద చెయ్యి వేసి నిలబడాలి. నిలబడితేగాని డ్రైవరు లేపడు. అందుకని పాత మేనేజరు మద్రాసు పోయి, కొట్లో కూలబడి, గొలుసును లంకె లంకె తడిమి, తన కళ్ళముందే బరువు వేలాడదీయించి మరీ తెచ్చేవాడు.

ఆయన తర్వాత వచ్చిన నరహరికి అంత ఓపిక ఎక్కడిది? ఫోన్లో నలుగురూ మెచ్చుకున్న గొలుసు చూశాడు, ధర నచ్చింది, తెప్పించాడు. మద్రాసు ప్రయాణం తప్పిందని సంబరపడ్డాడు కూడా.

రాయికి గొలుసు బిగించారు. డ్రైవరు మస్తాన్ వలి కేక వేశాడు. "కొన్న సారు రావాల!"

నరహరి గొలుసు వంక చూశాడు. అది ఏ ఊళ్ళో, ఎవరి చేతిలో తయారైందో తనకు తెలియదు. కాళ్ళు ముందుకు రాలేదు. నవ్వేశాడు. "నేనెక్కడ కొన్నానయ్యా? వేలితో నొక్కాను, అంతే. తెచ్చింది కొరియరోడు. వాణ్ణి పిలిపించు!"

అందరూ నవ్వారు. మస్తాన్ మాత్రం లివరు ముట్టలేదు. ఎండ మండిపోతోంది, లారీ కాచుకుని ఉంది. రాళ్ళకు గొలుసు చుట్టే యేసోబు తువ్వాలు దులుపుకుని ముందుకొచ్చాడు.

"సారుకు ఎండ పడదులే మావా. నేను నిలబడతా, లేపు."

నరహరి వద్దనలేదు.

రాయి మనిషెత్తు లేచింది. గొలుసు తెగింది.

తర్వాత నరహరి దళారీ కంపెనీని నిలదీశాడు. చూపించడమే మా పని, అమ్మినది మేము కాదన్నారు. అమ్మినవాణ్ణి అడిగితే, తెప్పించి పంపానే గాని తయారుచేసింది నేను కాదన్నాడు. పోలీసులు వస్తే నరహరి, నాకేమీ తెలియదన్నాడు. ముగ్గురి మాటా అబద్ధం కాదు.

రామలింగం మళ్ళీ అడిగాడు. "అయితే తప్పు ఆ ముగ్గురిలో ఎవరిది గురువుగారూ?"

"యేసోబు చచ్చిపోయాడు నాయనా," అన్నారు దాసుగారు.